పొలిటికల్ సైన్స్ బీఏ తర్వాత డేటా సైన్స్ కలిసిన పీజీ చేయొచ్చా? (పర్లాకిమిడి నుంచి)

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లిష్. ఈ ఏడాదే బరంపురంలో పొలిటికల్ సైన్స్ ఆనర్స్‌తో బీఏ అయింది. నాన్నగారికి బట్టల కొట్టు. బీఈడీ చేసి టీచర్ పోస్టుకి రాయమంటున్నారు. ఆయన అనడంలో తప్పేమీ లేదు, నా తర్వాత ఇంకా ఇద్దరున్నారు.

కానీ నాకు 2024 జూన్ 4 మనసులోంచి పోవడం లేదు. దానికి మూడు రోజుల ముందు టీవీల్లో చాలా ఎగ్జిట్ పోల్స్ ఎన్డీయేకి 350 దాటించాయి. వచ్చింది 293. ఇక్కడ ఒడిశాలో 24 ఏళ్ళ నవీన్ పట్నాయక్ ప్రభుత్వం పోయింది. 147 సీట్లలో బీజేపీకి 78, బీజేడీకి 51. నవీన్ గారు మా పక్క గంజాం జిల్లా హింజిలిలో గెలిచి, కంటాబంజిలో ఓడారు. ఆ సాయంత్రం మా కొట్టు అరుగు మీద ఒకటే చర్చ, "మన తెలుగువాళ్ళు ఎటు వేశారు?" అని. ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెప్పారు. అందరూ గట్టిగానే చెప్పారు, ఎవరి దగ్గరా ఆధారం లేదు. అసలు ఆ సంగతి తెలుసుకునే దారి ఏమిటా అన్నది అప్పటి నుంచి నన్ను పట్టుకుంది.

ఫారం 20 అని బూత్ వారీ ఫలితాల పత్రం ఉంటుందని తెలిసి డౌన్‌లోడ్ చేశాను. అన్నీ స్కాన్ చేసిన పేజీలు, కొన్ని వంకరగా ఉన్నాయి. 3 ఏదో 8 ఏదో కళ్ళు చికిలించి చూసినా తెలియదు. ఎక్సెల్‌లో కొట్టడం మొదలుపెట్టి నలభై బూత్‌ల దగ్గర ఆగిపోయాను.

నేను ప్లస్ టూలో ఆర్ట్స్. లెక్కలు పదో తరగతితో సరి. నాలాంటి వాళ్ళకి రాజకీయాలూ డేటా సైన్సూ కలిపి చెప్పే పీజీలో చోటు దొరుకుతుందా? మన దేశంలో ఉందా, బయటికే వెళ్ళాలా? తర్వాత పని దొరుకుతుందా?

రైల్వే కాలనీ, రాయగడ

చెల్లీ, నాది దీనికి తలకిందుల సమస్య. బీటెక్ కంప్యూటర్స్ చేశాను, పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చు. ఎన్నికల డేటా మీద ప్రాజెక్టు చేద్దామని కూర్చుంటే ఏం అడగాలో తెలియలేదు. బూత్‌ల వారీ పోలింగ్ శాతాలకి రంగురంగుల మ్యాప్ వేశాను. చూసినవాళ్ళు బాగుందన్నారు. దాని వల్ల ఏం తెలిసింది అని మా సార్ అడిగితే నోరు పెగల్లేదు. నీ దగ్గర ప్రశ్న ఉంది. అది చిన్న విషయం కాదు.

స్కాన్ పేజీల గురించి ఒక మాట. ఓటర్ల జాబితాలు కూడా బొమ్మల రూపంలోనే ఇస్తారు. కంప్యూటర్ చదవగలిగే రూపంలో ఇమ్మని వేసిన పిటిషన్‌ని 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గోప్యత కోణం ఉంది, అది నిజమే. కానీ ఫారం 20లో ఓటరు పేరు ఉండదు, వట్టి అంకెలే. అవి కూడా ఇలా ఎందుకు ఇవ్వాలో నాకిప్పటికీ అర్థం కాదు.

పెద్దబజారు, బరంపురం (ఇప్పుడు డబ్లిన్)

చెల్లీ, నేను సరిగ్గా ఈ కోర్సే చేశాను. యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో ఎమ్మెస్సీ పాలిటిక్స్ అండ్ డేటా సైన్స్. దాన్ని అక్కడి రాజనీతి విభాగమే నడుపుతుంది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అప్లైడ్ సోషల్ డేటా సైన్స్, ఆక్స్‌ఫర్డ్‌లో సోషల్ డేటా సైన్స్, బెర్లిన్ హెర్టీ స్కూల్‌లో పబ్లిక్ పాలసీకి డేటా సైన్స్, జర్మనీలోనే కాన్‌స్టాంజ్‌లో సోషల్ అండ్ ఎకనామిక్ డేటా సైన్స్ ఉన్నాయి. పేర్లు దగ్గరగా ఉన్నా అన్నీ ఒకటి కాదు. కొన్ని స్టాటిస్టిక్స్ ముందే చదివినవాళ్ళనే తీసుకుంటాయి. ప్రతి కోర్సుకీ సిలబస్ తెరిచి, మొదటి సెమిస్టర్‌లో ఏం చెబుతారో చూడు. రాజకీయాల పేపర్లు పేరుకి ఒకటి పెట్టి మిగతాదంతా సాఫ్ట్‌వేర్ అయితే నీకది పనికిరాదు.

నేను అక్కడ నేర్చుకున్నవాటిలో మనసుకు పట్టింది ప్రసంగాలను, మ్యానిఫెస్టోలను లెక్కగట్టే పద్ధతి. లేవర్, బెన్వా, గారీ అనే ముగ్గురు 2003లో ఒక వ్యాసం రాశారు. ఏ పార్టీ పత్రంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి, ఆ పార్టీ ఎటు మొగ్గుతోందో అంచనా కట్టే పద్ధతి అది. భాష రాకపోయినా పనిచేస్తుందని జర్మన్ పత్రాల మీద చేసి చూపించారు. సరదాపడి మన తెలుగు మ్యానిఫెస్టోల మీద పెట్టాను. పెట్టగానే చతికిలబడింది. రైతులకు, రైతులకి, రైతుల్ని, రైతులతో, రైతన్నలకు, ఇవన్నీ దానికి వేరు వేరు మాటలు! ఇంగ్లిష్‌లో ఫార్మర్స్ అనే ఒక్క మాటకి పడే లెక్క మనకి పది ముక్కలైపోతుంది. విభక్తి ఎక్కడ తెంచాలో తెలియాలంటే తెలుగు వచ్చినవాళ్ళే కూర్చోవాలి. ఆ పని ఇంకా మిగిలి ఉంది, నీలాంటివాళ్ళ కోసం.

లెక్కలు రావని భయపడకు. నేనూ ఆర్ట్స్ నుంచే వచ్చాను. మొదటి రెండు నెలలు మాత్రం రోజూ ఏడ్చాను, ఆ మాట దాచను. వెళ్ళే ముందు ఆరు నెలలు స్టాటిస్టిక్స్, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు.

ఖాతా పుస్తకం, బరంపురం

అమ్మా, నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఆశ మంచిదే, డబ్బు సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

విదేశీ చదువుకి 7.5 లక్షలు దాటిన లోన్‌కి బ్యాంకులు సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. కేంద్రం 2024 నవంబర్‌లో తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి తాకట్టు లేకుండా ఇస్తుంది, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు లోన్‌కి వడ్డీలో 3 శాతం భరిస్తుంది. అయితే అది దేశంలోని ఎంపిక చేసిన సంస్థలకే. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు ఉండదు కానీ, కాన్‌స్టాంజ్ ఉన్న బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటివాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటారు. వీసాకి ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో (నెలకి ఇంతేనని తీసుకోగల ఖాతా) చూపించాలి. ఈ అంకె మారుతూ ఉంటుంది, వెళ్ళేముందు చూసుకోవాలి.

మన సరిహద్దు వాళ్ళకి ఇంకో కష్టం ఉంది. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాల విదేశీ విద్య సాయం అక్కడి స్థానికులకే. నది దాటితే పాతపట్నం, అక్కడి పిల్లకి అడిగే హక్కుంది, నీకు లేదు. భాష ఒకటే అయినా కాగితం ఒప్పుకోదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకైతే కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, దానికి ఏ రాష్ట్రమైనా ఒకటే.

ఇక నీ ప్రశ్న. తెలుగువాళ్ళు ఎటు వేశారంటే నేను చెబుతాను. 1996లో పీవీ నరసింహారావు గారు మన బరంపురం నుంచి నిలబడి గెలిచారు. నంద్యాలలోనూ గెలిచి, దాన్ని వదిలి బరంపురం ఉంచుకున్నారు. గెలిపించింది తెలుగువాళ్ళే. ఇందులో డేటా సైన్స్ ఏముంది?

గోదారి గట్టు, సిరోంచ

అన్నా, నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ, మరాఠీ బడిలో పంతులుని, ఇంట్లో తెలుగు. మీ మాట కాదంటున్నందుకు ఏమనుకోకండి. పీవీ గారు 1984లో హనుమకొండలో, మా మహారాష్ట్ర రాంటెక్‌లో రెండు చోట్లా నిలబడ్డారు. సొంత తెలుగు గడ్డ హనుమకొండలో ఓడారు, మరాఠీ రాంటెక్‌లో గెలిచారు. 1989లో కూడా రాంటెక్ నుంచే గెలిచారు. తెలుగువాళ్ళ ఓటు అంటే రాంటెక్ లెక్క ఎట్లా చెబుదాం?

స్టాటిస్టిక్స్ మాస్టారు, ఛత్రపురం

సిరోంచ తమ్ముడు మంచి చోట పట్టుకున్నాడు. అమ్మా మహేంద్రతనయా, నీ కోర్సులో మొదటి నెలలోనే వచ్చే పాఠం ఇది. నేను ముప్పై ఏళ్ళు చెప్పాను, ఇక్కడా చెబుతాను.

ఒక బూత్‌లో తెలుగు ఇళ్ళు ఎక్కువ, అక్కడ ఒక పార్టీకి ఓట్లు ఎక్కువ వచ్చాయి అనుకో. తెలుగువాళ్ళు ఆ పార్టీకి వేశారని అనగలమా? అనలేం. ఆ ఊళ్ళోని తెలుగువాళ్ళు కానివాళ్ళే ఒక్కటై వేసి ఉండొచ్చు. గుంపు లెక్క వేరు, మనిషి లెక్క వేరు. 1950లో రాబిన్సన్ అనే ఆయన అమెరికా 1930 జనాభా లెక్కలతో ఇది చూపించాడు. రాష్ట్రాల వారీగా చూస్తే విదేశాల్లో పుట్టినవాళ్ళు ఎక్కువున్న చోట అక్షరాస్యత ఎక్కువ. మనుషుల వారీగా చూస్తే విదేశాల్లో పుట్టినవాళ్ళలోనే నిరక్షరాస్యులు ఎక్కువ. వాళ్ళు చదువుకున్నవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో వెళ్ళి స్థిరపడ్డారు, అంతే సంగతి. రెండు లెక్కలూ నిజమే, చూపే దిక్కులు మాత్రం ఎదురెదురు.

మరి దారి లేదా? ఉంది. ఒకటి, మనుషులనే అడగడం. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థలో లోక్‌నీతి అనే విభాగం 1990ల నుంచి ఆ పని చేస్తోంది. కానీ దేశవ్యాప్త సర్వేలో మీ గజపతి జిల్లా తెలుగువాళ్ళు ఎందరు తగులుతారు? వేళ్ళ మీద లెక్కపెట్టేంత. రెండోది, గుంపు లెక్కల్లోంచి మనిషి లెక్కను కొన్ని హద్దుల మధ్య అంచనా కట్టడం. గ్యారీ కింగ్ 1997లో దీని మీద పుస్తకమే రాశాడు. 2011 జనాభా లెక్కల్లో సి-16 అనే పట్టిక మాతృభాషను తాలూకా స్థాయి దాకా ఇస్తుంది. దాన్నీ ఫారం 20నీ కలపగలిగితే సమాధానం కాకపోయినా సమాధానం ఏ హద్దుల మధ్య ఉందో తెలుస్తుంది. తర్వాతి జనాభా లెక్కలకి తేదీ 2027 మార్చి 1. అప్పుడు కొత్త పట్టికలు వచ్చేసరికి నువ్వు సిద్ధంగా ఉంటే ఎంత బాగుంటుంది!

నా సలహా డబ్లిన్ అమ్మాయి సలహాకి కొంచెం వేరు. ముందు లెక్కలు నేర్చుకో, తర్వాత కోర్సు ఎంచుకో. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్‌లో ఫౌండేషన్ స్థాయి ఉంది. ఎనిమిది కోర్సులు, అందులో గణితం రెండు, స్టాటిస్టిక్స్ రెండు, పైథాన్ ఒకటి. ప్లస్ టూ పాసై, పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లిష్ చదివి ఉంటే చాలు, ముందు క్వాలిఫయర్ పరీక్ష రాయాలి. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లో ఒప్పుకుంది కాబట్టి ఎంఏ చేస్తూనే ఇది చేయొచ్చు.

పెద్దబజారు, బరంపురం (ఇప్పుడు డబ్లిన్)

మాస్టారూ, మీ మాట కాదనను. ఒక్క భయం చెబుతాను. "ముందు లెక్కలు" అని మొదలుపెట్టి, మధ్యలో ఇంట్లో పెళ్ళి మాటలొచ్చి ఆగిపోయిన స్నేహితురాళ్ళు నాకు ఇద్దరున్నారు. ఆడపిల్లలకి ఒక ఏడాది వాయిదా వేయడం అంటే ఒక్కోసారి పూర్తిగా వదులుకోవడమే. చెల్లి ఫౌండేషన్ చేస్తూనే అప్లికేషన్లు కూడా పెట్టాలి. రెండూ ఒకేసారి.

స్టాటిస్టిక్స్ మాస్టారు, ఛత్రపురం

నేను ఆ కోణంలో ఆలోచించలేదమ్మా. నువ్వన్నదే సరి. రెండూ ఒకేసారి.

కాఫీ తోట, కోరాపుట్

నేను పొట్టంగి వైపు ఊళ్ళలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున తిరుగుతుంటాను. డేటా గురించి అందరూ రాశారు, అది పుట్టే చోటు గురించి కూడా చెప్పాలి.

కొటియా ఊళ్ళు మీకు తెలుసు. ఆంధ్ర మాదంటుంది, ఒడిశా మాదంటుంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ కూడా పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. చాలామందికి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. 2024 మే 13న అరకు లోక్‌సభకీ, కోరాపుట్ లోక్‌సభకీ ఒకే రోజు పోలింగ్. ఇప్పుడు ఆలోచించండి. ఒక మనిషి రెండు జాబితాల్లో ఉండి ఒక చోటే వేస్తే, రెండో జాబితాలో అతను ఓటు వేయనివాడు. దూరంగా కూర్చుని చూసేవాడు "ఇక్కడి గిరిజనులకి ఎన్నికల మీద ఆసక్తి లేదు" అని రాసేస్తాడు. ఎండలో కొండ దిగి వచ్చి వేసిన మనిషిని ఆసక్తి లేనివాడని రాయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఆ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి పోల్చి చూద్దామంటే లిపి అడ్డం. వెంకటరావు ఒడియాలో బెంకట అవుతాడు, భెంకట అవుతాడు. సూర్యనారాయణ సూర్జ్యనారాయణ అవుతాడు. ముందుండే ఇంటిపేరు వెనక్కి పోతుంది, లేదా అసలే రాదు. కంప్యూటర్‌కి వెంకట, బెంకట, భెంకట ముగ్గురు మనుషులు. మనకి ఒక్కడే అని చూడగానే తెలుస్తుంది. ఎందుకు తెలుస్తుందో సూత్రంగా రాయగలిగితే అదే ఒక పీజీ థీసిస్.

గోదారి గట్టు, సిరోంచ

మా దగ్గర ఇంకో రకం ఉంది. చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో 14 ఊళ్ళను మహారాష్ట్ర, తెలంగాణ రెండూ తమవే అంటాయి. అక్కడ 2024లో చంద్రపూర్‌కి ఏప్రిల్ 19న, ఆదిలాబాద్‌కి మే 13న పోలింగ్. కొటియాలో ఒకే రోజు, ఇక్కడ 24 రోజుల తేడా. ఇక్కడ ఒకే మనిషికి రెండు పోలింగ్‌లకీ వెళ్ళే వీలుంటుంది, కాబట్టి రెండు చోట్లా లెక్క ఒకేలా ఉండదు.

నేను పోలింగ్ డ్యూటీ చేసినవాడిని. మా వైపు నక్సల్ భయం వల్ల 3 గంటలకే పోలింగ్ ముగుస్తుంది. మిగతా చోట్ల 6 దాకా. ఈ సంగతి తెలియనివాడు మా అహేరి శాతాన్నీ పట్నం శాతాన్నీ పక్కన పెట్టి పోలిస్తే అన్యాయం. పోలింగ్ అయ్యాక 17సీ అనే ఫారంలో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి, సంతకం చేసి ఏజెంట్లకి నకలు ఇస్తాం. చివరి వరసలో నిలబడ్డవాళ్ళ ముఖాలు నాకింకా గుర్తు. ఆ అంకె ఎక్కడో ఎక్సెల్‌లో ఒక గడి అవుతుందని ఈ చర్చ చదివాకే తెలిసింది. అక్కా, నువ్వు ఆ గడి చూసినప్పుడు మమ్మల్ని కూడా గుర్తు పెట్టుకో.

రైల్వే కాలనీ, రాయగడ

మన దేశంలో చదువుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను వెతికినవి చెబుతాను. ఐఐఐటీ బెంగళూరులో ఎమ్మెస్సీ డిజిటల్ సొసైటీ ఉంది. ఐఐటీ బొంబాయి, ఐఐటీ ఢిల్లీల్లో పబ్లిక్ పాలసీ మాస్టర్స్ ఉంది. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఎంఏ పొలిటికల్ సైన్స్ చాలావాటికి సీయూఈటీ పీజీ అనే ఒక్క ప్రవేశ పరీక్ష రాస్తే సరిపోతుంది. అశోకా యూనివర్సిటీ త్రివేది సెంటర్ తయారుచేసిన లోక్‌ఢాబాలో 1962 నుంచి ఎన్నికల ఫలితాలు శుభ్రం చేసి పెట్టారు, ఉచితం. కోర్సు దొరికినా దొరక్కపోయినా ఇవాళే మొదలుపెట్టొచ్చు.

పని గురించి అడిగావు. సర్వే సంస్థలు, పత్రికల డేటా డెస్కులు, పార్టీల వార్ రూములు, స్వచ్ఛంద సంస్థలు. చట్టసభల మీద పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థ వాళ్ళ లాంప్ ఫెలోషిప్‌లో ఒక ఎంపీ దగ్గర పనిచేయొచ్చు, 25 ఏళ్ళ లోపువాళ్ళకి. వార్ రూముల్లో జీతం ఎక్కువే కానీ ఎన్నికలయ్యాక ఉద్యోగం ఉంటుందో లేదో అని టెన్షన్.

ఈ చదువు ఎందుకు కావాలి అని ఇంట్లో అడిగితే, పార్టీలకి పేరు బయటపడకుండా విరాళాలిచ్చే ఎలక్టోరల్ బాండ్ల సంగతి చెప్పు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మార్చిలో రెండు జాబితాలు బయటికొచ్చాయి. కొన్నది ఎవరో ఒకదాంట్లో, నగదు చేసుకున్నది ఏ పార్టీనో ఇంకోదాంట్లో. రెండిటికీ లంకె లేదు. కోర్టు మళ్ళీ గట్టిగా చెప్పాక బాండ్ నంబర్లు వచ్చాయి. ఆ నంబర్ల కాలమ్‌తోనే ఎవరి డబ్బు ఎవరికి చేరిందో దేశమంతా చూసింది. కొటియా జాబితాలకి అలాంటి నంబరు లేదు, బాండ్లకి ఉంది. తేడా అంతే.

ఖాతా పుస్తకం, బరంపురం

రాంటెక్ సంగతి రెండు రోజులు ఆలోచించాను. సిరోంచ తమ్ముడూ, నువ్వన్నది నిజం. పీవీ గారిని తెలుగువాళ్ళే గెలిపించారని ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను, ఎవరూ ఎదురు అడగలేదు. అమ్మా, లోన్ కాగితాల విషయంలో ఏ సందేహం వచ్చినా ఇక్కడ అడుగు, చూసి చెబుతాను.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. ఐఐటీ మద్రాస్ క్వాలిఫయర్‌కి కట్టాను. సీయూఈటీ పీజీకి చదువుతున్నాను. డబ్లిన్ అక్క చెప్పినట్టు రెండు విదేశీ కోర్సుల సిలబస్‌లు ప్రింట్ తీసి గోడకి అంటించాను.

ఫారం 20 మళ్ళీ పట్టుకున్నాను. ఈసారి వేరే చిక్కు వచ్చింది. 2019 బూత్ నంబరూ 2024 బూత్ నంబరూ ఒకే ఊరివి కావు. మధ్యలో కొత్త బూత్‌లు వస్తే నంబర్లన్నీ జరిగిపోతాయి. ఒక బూత్‌కి 1,500 మంది అన్న హద్దుని 2025లో 1,200కి తగ్గించారు, అంటే ఇక ముందు ఇంకా జరుగుతాయి. నంబరు నమ్మకూడదు, ఊరి పేరుతోనే జత చేయాలి. ఆ పేర్లేమో ఒక్కో పత్రంలో ఒక్కో స్పెల్లింగ్.

రాత్రి కొట్టు కట్టేశాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే నాన్నగారు వెనక నుంచి చూసి, "ఈ రెండూ ఒకే ఊరు, నువ్వు రెండుగా రాశావు" అన్నారు. ఎలా తెలుసంటే అరువు పుస్తకం తెచ్చి ముందు పెట్టారు. కాశీనగర్ వైపు, గోసాని వైపు ఏ ఊరివాళ్ళు బట్టలు అరువు తీసుకెళ్ళినా ఊరి పేరు తెలుగులో రాసుకుంటారు, ఇరవై ఏళ్ళ నుంచి. ఆ పుస్తకంతో సరిచూస్తే పదకొండు ఊళ్ళు నేను తప్పుగా జత చేశానని తేలింది. పన్నెండు దాకా ఇద్దరం కూర్చున్నాం.

బీఈడీ ఫారం ఇంకా బల్ల మీదే ఉంది. తీసేయమని ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

నాన్న పుస్తకంలో కూడా దొరకని ఊళ్ళు తొమ్మిది మిగిలాయి. అన్నీ కొండ వైపువి, సవర పేర్లు. గుణుపురం, కాశీనగర్ వైపు వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, జాబితా ఇక్కడే పెడతాను.

కాఫీ తోట, కోరాపుట్

పెట్టమ్మా. మా జట్టులో ఇద్దరు సవర అబ్బాయిలున్నారు. ఆదివారం సంతకి దిగుతారు, పేర్లు చదివి వినిపిస్తాను. ఊరిని వాళ్ళు ఏమని పిలుస్తారో అది కూడా ఇంకో కాలమ్‌లో రాద్దాం.